కొండ మీద ఎంత ఆకు ఉంది? మీ ప్రశ్నలు, మా జవాబులు

సంక్రాంతి వెళ్లింది, కొండల్లో ఆకు రాలడం మొదలైంది. ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం కార్చిచ్చు గురించే, అందులోనూ అడవి నేల మీద ఎంత ఆకు, ఎంత పుల్ల పడి ఉందో ఎట్లా లెక్కపెట్టాలనే దాని గురించే ఉన్నాయి, అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాను. నేను వెలిగొండ కింద కొన్నేళ్లు, నల్లమల అంచున కొన్నేళ్లు అడవి డ్యూటీ చేసి వచ్చినవాణ్ని. పుస్తకంలో చదివింది, చేత్తో చేసింది రెండూ కలిపి చెబుతున్నాను.

ప్రశ్న: మాది సీతారామపురం దగ్గర పల్లె. వన సంరక్షణ సమితిలో ఉన్నాను. మా కిందున్న కొండ దాదాపు 500 ఎకరాలు. అగ్గి పడితే ఎంత కాలుతుందో ముందే తెలియాలి, నేల మీద ఆకు లెక్క రాసి పెట్టుకోండి అని మీటింగులో చెప్పారు. మేం నలుగురం, మూడు రోజులకు మించి కుదరదు. 500 ఎకరాల ఆకు ఎట్లా తూచేది సార్?

జవాబు: అంతా తూచనక్కర్లేదన్నా. అన్నం ఉడికిందో లేదో చూడటానికి కుండంతా తిరగేయం కదా, నాలుగు మెతుకులు పట్టుకుని చూస్తాం. కాకపోతే ఆ మెతుకులు పైపైన ఒక్కచోట తీస్తే మోసపోతాం, అడుగునా అంచునా కూడా చూడాలి. పని మొత్తం ఇంతే, మిగిలింది పద్ధతి.

ముందు ఒక చట్రం చేసుకోండి. కరెంటు పనికి వాడే పీవీసీ పైపు నాలుగు ముక్కలు, మూలలకి నాలుగు ఎల్బోలు, లోపలి కొలత అటు 50 సెంటీమీటర్లు ఇటు 50 సెంటీమీటర్లు వచ్చేలా బిగించండి. ఈ కొలత ఎందుకంటే లెక్క తేలిక. ఆ చట్రంలో ఎండిన ఆకు 25 గ్రాములు ఉంటే హెక్టారుకి ఒక టన్ను అన్నమాట. 100 గ్రాములు వస్తే 4 టన్నులు, 150 వస్తే 6 టన్నులు. హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు. కాగితం, క్యాలిక్యులేటర్ లేకుండా చెట్టు కింద నిలబడే చెప్పేయొచ్చు. చట్రంతో పాటు గ్రాముల్లో చూపించే చిన్న కాటా, ఒక మంచి కత్తెర, కొన్ని పాలిథిన్ కవర్లు, ఒక స్కేలు. ఇంతకు మించి ఏమీ వద్దు.

తర్వాత కొండని కాగితం మీద ముక్కలు చేయండి. టేకు ప్లాంటేషన్ ఉంటే అదొక ముక్క, ఎర్రచందనం, తునికి, బిల్లుడు కలిసిన గుట్ట వాలు ఒక ముక్క, బోద గడ్డి ఎదిగిన బోడి నెత్తి ఒక ముక్క, కోన లోపల వెదురు ఒక ముక్క. నిరుడు కాలిన చోటు, రెండు మూడేళ్లుగా కాలని చోటు కూడా విడగొట్టండి, ఎందుకంటే చితుకులు, పుల్లలు, కింద చివికిన ఆకు పేరుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఎక్కడ ఎప్పుడు కాలిందో ఏ ఆఫీసు కాగితం కంటే మీ ఊరి గొర్రెల కాపరికే బాగా గుర్తుంటుంది, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని గీయండి.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఎన్ని చోట్ల చట్రం పెట్టాలి? దీనికి లెక్క ఉంది. అడవి నేల మీద ఆకు ఒక చట్రానికీ ఇంకో చట్రానికీ బాగా తేడాగా ఉంటుంది, సగటుకి అటూ ఇటూ సగం దాకా ఊగుతుందనుకుందాం. మీ జవాబు 20 శాతం అటూ ఇటుగా ఉంటే చాలనుకుంటే ఒక్కో ముక్కకి సుమారు 25 చట్రాలు చాలు. లేదు, 10 శాతంలోపు తప్పే రావాలంటే 50 కాదు, 100 కావాలి. తప్పు సగానికి తగ్గాలంటే పని నాలుగింతలు అవుతుంది. అందుకే కార్చిచ్చు పనికి 20 శాతంతో ఆగిపోండి అని అందరికీ చెబుతాను. 4 టన్నులా, నాలుగున్నరా అని తేల్చడానికి ఒళ్లు హూనం చేసుకోవద్దు, 4 టన్నులా 8 టన్నులా అన్నది తేలితే మీ పని జరుగుతుంది.

ఆ 25 చోట్లని కూడా అన్నీ కత్తిరించి తూచక్కర్లేదు. అన్ని చట్రాల్లోనూ కంటితో అంచనా వేసి రాయండి, ప్రతి నాలుగోదాన్ని మాత్రం నిజంగా తూచండి. ఒక ఉదాహరణ చెబుతాను. 25 చట్రాల్లో మీ కంటి అంచనా సగటు 90 గ్రాములు వచ్చింది. అందులో తూచిన 6 చట్రాలకి మీరు కంటితో అనుకున్నది మొత్తం 500 గ్రాములు, కాటా చూపింది 620. అంటే మీ కన్ను తక్కువ చెబుతోంది, 620ని 500తో భాగిస్తే 1.24. మీ 90ని 1.24తో గుణించండి, దాదాపు 112 గ్రాములు, అంటే హెక్టారుకి నాలుగున్నర టన్నులు. కన్ను తప్పు చెప్పినా ఫర్వాలేదు, ఎప్పుడూ ఒకే రకంగా తప్పు చెబితే చాలు, కాటా దాన్ని సరిచేస్తుంది. అందుకని అంచనా చెప్పే మనిషిని మధ్యలో మార్చొద్దు, ఒక ముక్క పూర్తయ్యే దాకా ఒక్కరే చెప్పాలి. ఇద్దరు చెబితే ఇద్దరి లెక్కా విడివిడిగా రాసి, విడివిడిగా సరిచేయాలి.

చట్రం ఎక్కడ పెట్టాలన్నది మీ ఇష్టానికి వదలొద్దు. దారి పక్కన పెడితే నడిచేవాళ్ల కాళ్లకి, పశువుల కాళ్లకి ఆకు చెదిరిపోయి తక్కువ వస్తుంది, ‘అబ్బ ఇక్కడ బాగా ఉంది’ అని పెడితే ఎక్కువ వస్తుంది. వాలుకి అడ్డంగా ఒక దిక్కు పట్టుకుని నడవండి, 50 అంగలకోసారి ఆగి కుడికాలి బొటనవేలి ముందు చట్రం పెట్టేయండి. అక్కడ బండరాయి ఉంటే సున్నా అని రాయండి. చాలామంది ఆ సున్నా రాయడానికి మనసొప్పక పక్కకి జరుపుతారు, లెక్క అక్కడే చెడిపోతుంది.

చట్రం పెట్టాక ఎట్లా తీయాలో ఒక్కసారి దగ్గర్నుంచి చెప్తాను. అంచు మీద సగం లోపల సగం బయట ఉన్న ఆకుని కత్తెరతో అంచు వెంబడి కత్తిరించండి, చేత్తో లాగితే బయటిది కూడా వచ్చేస్తుంది. పైన వదులుగా, ఇంకా ఆకు ఆకుగా కనబడేది మొదటి పొర. దాన్ని రెండు చేతులతో ఎత్తితే కింద నల్లగా, ఈనెలు మాత్రమే మిగిలి, వేళ్లకి కాస్త చల్లగా తగిలే చివికిన పొర ఉంటుంది. మన ఎండు అడవుల్లో చెదలు తినేయడం వల్ల చాలాచోట్ల అది గోరు మందం కూడా ఉండదు. రెండూ వేరు వేరు కవర్లలో వేయండి. మట్టి, చెదపుట్ట పెళ్లలు కవర్లోకి వస్తే బరువు అబద్ధం చెబుతుంది, ఏరి పారేయండి. గడ్డి ఉంటే నేల మట్టానికి కోసి మూడో కవర్లో.

తూకంలో తేమ కూడా కలిసి ఉంటుంది కదా. రోజుకి రెండు మూడు సార్లు కొన్ని గుప్పెళ్లు కలిపి సరిగ్గా 200 గ్రాములు కవర్లో వేసి మూతి గట్టిగా ముడేసి తెచ్చుకోండి. దగ్గర్లో డిగ్రీ కాలేజీ ల్యాబులో ఓవెన్ ఉంటే అడగండి, 105 డిగ్రీల దగ్గర ఒక రోజంతా పెడితే పూర్తిగా ఎండుతుంది. 200 కాస్తా 180 అయితే మీ తూకాలన్నింటినీ 0.9తో గుణించాలి. ఓవెన్ దొరక్కపోతే మిద్దె మీద రేకు పరిచి రెండు మూడు రోజులు, బరువు ఇక తగ్గదనేదాకా ఎండబెట్టండి. కొద్దిగా తేమ మిగిలిపోతుంది, మన పనికి ఆ మాత్రం తేడా అడ్డం రాదు.

ఇంకొక్క మాట, ఇది నా సొంత తప్పు నుంచి చెబుతున్నది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక వాలుని ఫిబ్రవరి మొదట్లో చూసి ‘ఆకు తక్కువ’ అని రిజిస్టర్లో రాసేశాను. నేను చూసిన రోజు అది నిజమే, సగం చెట్లు ఇంకా పచ్చగా ఉన్నాయి. ఆ రాతని నమ్మి అక్కడ ఫైర్ లైను, అంటే అగ్గి దాటకుండా ఆకు ఊడ్చి ఖాళీగా ఉంచే బాట, ఒక్కసారి ఊడ్చి వదిలేశాం. మార్చిలో మిగతా ఆకంతా రాలింది, గాలికి దొర్లుకుంటూ వచ్చి శుభ్రంగా ఉన్న లైను మీదే పరుచుకుంది. ఏప్రిల్లో ఒక సాయంత్రం అగ్గి ఆ లైను దాకా వచ్చి, చాప మీద నడిచినట్టు దాని మీదుగా నడిచి ఇవతలికి వచ్చేసింది. పచ్చి కొమ్మలు పట్టుకుని తెల్లవార్లూ కొట్టాం. పొద్దున్నే చూస్తే ఏళ్ల తరబడి పెరిగిన ఎర్రచందనం మొలకలు మోకాలెత్తువి, నల్ల పుల్లలై నిలబడి ఉన్నాయి. అది ఇప్పటికీ నాకు కళ్ల ముందే ఉంటుంది. అందుకని ఒక్కసారి కొలిచి ఊరుకోవద్దు. ఫిబ్రవరిలో ఒకసారి, ఉగాది దాటాక ఆకు పూర్తిగా రాలినప్పుడు ఇంకోసారి. రెండోసారికి మీ కన్ను ఆరితేరి ఉంటుంది, ఒక్క రోజులో అయిపోతుంది.

మీ 500 ఎకరాలంటే 200 హెక్టార్లు. హెక్టారుకి నాలుగున్నర టన్నులు వస్తే కొండ మీద అగ్గికి 900 టన్నుల ఎండు మేత ఉన్నట్టు, పది టన్నుల లారీలు తొంభై. మీటింగులో ఆ మాట చెప్పండి, అందరికీ ఒక్క దెబ్బతో అర్థమవుతుంది.

ప్రశ్న: మార్కాపురంలో బీఎస్సీ బోటనీ చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం చదువుతుంటే ‘గంట పుల్లలు, పది గంటల పుల్లలు’ అని వస్తున్నాయి. గంటలతో పుల్లలకి సంబంధం ఏంటి? పడిపోయిన పెద్ద మొద్దుల్ని చట్రంలో ఎలా కొలవాలి?

జవాబు: మంచి ప్రశ్నమ్మా. పుల్ల ఎంత లావుంటే అంత నిదానంగా ఎండుతుంది, అంత నిదానంగా తడుస్తుంది. చుట్టూ ఉన్న గాలికి తగ్గట్టు పుల్ల తన తేమని మార్చుకోవాలి కదా, ఆ తేడాలో సుమారు మూడింట రెండొంతులు పోవడానికి ఎంతసేపు పడుతుందో ఆ సమయం పేరే పెట్టారు. 6 మిల్లీమీటర్ల లోపు, అంటే పెన్సిల్ కంటే సన్నవి, ఆకులతో సహా గంట రకం. అక్కడి నుంచి రెండున్నర సెంటీమీటర్ల దాకా, బొటనవేలి లావు, పది గంటల రకం. ఏడున్నర సెంటీమీటర్ల దాకా, ముంజేయి లావు అనుకో, వంద గంటల రకం. ఆ పైన వెయ్యి గంటల మొద్దులు. మంట ఎంత వేగంగా పరిగెత్తుతుందో తేల్చేది ఆకు, గడ్డి, చితుకులే, అవి తెల్లవారుజామున మెత్తగా ఉండి మధ్యాహ్నం రెండింటికల్లా గుప్పెట్లో నలిపితే పొడైపోతాయి. మొద్దులు పరుగుకి సాయం చేయవు, కానీ అంటుకుంటే రోజుల తరబడి లోలోపల కాలతాయి, ఆరిపోయిందనుకుని ఇంటికెళ్లాక గాలి లేస్తే మళ్లీ రాజేస్తాయి. అందుకని రెండూ లెక్కలో ఉండాలి.

మొద్దుకి చట్రం పనికిరాదు, నిజమే. ఒక తాడు కట్టి దాని కింద అడ్డంగా ఉన్నవాటినే కొలిచే పద్ధతి ఉంది. కెనడాలో వాన్ వాగ్నర్ 1968లో దాని లెక్క ప్రచురించాడు, అమెరికా అటవీ శాఖ శాస్త్రవేత్త జేమ్స్ బ్రౌన్ 1974లో దాన్ని అన్ని లావుల పుల్లలకీ వాడుకునేలా చేతిపుస్తకం రాశాడు. అందం ఏమిటంటే మొద్దు పొడవు కొలవక్కర్లేదు, బరువు ఎత్తక్కర్లేదు. 20 మీటర్ల తాడు నేల మీద తిన్నగా లాగి కట్టు. తాడు ఎక్కడ మొద్దుని దాటుతుందో సరిగ్గా అక్కడ దాని అడ్డకొలత, అంటే వ్యాసం, సెంటీమీటర్లలో రాయి. ప్రతిదాన్నీ దానితోనే గుణించి అన్నీ కలుపు, ఆ మొత్తాన్ని 1.234తో గుణించి తాడు పొడవు మీటర్లతో భాగించు. వచ్చింది హెక్టారుకి ఎన్ని ఘనపు మీటర్ల కట్టె ఉందో చెబుతుంది. 8, 10, 12 సెంటీమీటర్ల మొద్దులు మూడు తగిలాయనుకో, 64, 100, 144 కలిపితే 308. 1.234తో గుణించి 20తో భాగిస్తే 19 ఘనపు మీటర్లు. ఘనపు మీటరు ఎండు కట్టె 600 కిలోలు అనుకుంటే హెక్టారుకి సుమారు 11 టన్నులు. పుచ్చిపోయిన మొద్దైతే అంత బరువు ఉండదు, విడిగా రాసుకో.

ఒక్క తాడుతో సరిపెట్టొద్దు, మొద్దులు ఆకులా పరుచుకుని ఉండవు, ఒకచోట గుంపుగా పడి ఉంటాయి. ఒక చోట మూడు దిక్కుల్లో మూడు తాళ్లు వేస్తే, అన్నీ ఒకే వైపుకి ఒరిగి పడ్డా మోసపోం. ఊరి దగ్గర వంటచెరకు ఏరుకుంటారు కాబట్టి తాడుకి ఏమీ తగలకపోవచ్చు, లోపలికి వెళ్లేకొద్దీ తగులుతాయి.

ఫోటోలతో అంచనా వేసే పద్ధతి కూడా నీ ప్రాజెక్టులో పెట్టుకోవచ్చు, అమెరికాలోనే 2007లో కీన్, డికిన్సన్ అనే ఇద్దరు దాన్ని చక్కగా తీర్చిదిద్దారు. ఒక మీటరు చదరం తెల్ల గుడ్డ పరిచి దాని మీద మన తునికి ఆకు, చితుకులు 100 గ్రాములు చల్లి పైనుంచి ఫోటో తీయి, తర్వాత 200, 400, 800. ప్రింటు తీసి లామినేట్ చేయించి అడవికి పట్టుకెళ్లి, నేలని ఫోటోతో పోల్చి చెప్పడమే. వాళ్ల ఫోటోలు వాళ్ల చెట్లకి సరిపోతాయి, మన టేకు ఆకు ఒక్కటి చాలు చట్రంలో మూల మూసేయడానికి. అందుకే సొంతంగా చేసుకో, నీ తర్వాత బ్యాచ్ వాళ్లకి కూడా ఉంటుంది.

ప్రశ్న: రాపూరు వైపు ఎండాకాలం ఫైర్ వాచర్‌గా పని చేస్తాను. ఆకు 4 టన్నులు అని సార్ వాళ్లు చెప్పారు. 4 అయితే ఏంటి, 8 అయితే ఏంటి, అగ్గి అగ్గే కదా?

జవాబు: మంట ఎదుట నిలబడేది మీరు తమ్ముడూ, అందుకే ఈ అంకె అందరికంటే మీకే ఎక్కువ అవసరం.

మంట తల, అంటే ముందుకి నడిచే అంచు, ఒక మీటరు వెడల్పులో ఎంత వేడి కక్కుతుందో చెప్పే లెక్కని బైరం అనే శాస్త్రవేత్త 1959లో ఇచ్చాడు. కాలే ఆకు బరువు, దాని వేగం, కిలో ఆకు కాలితే వచ్చే వేడి, ఈ మూడూ గుణించడమే. హెక్టారుకి 4 టన్నులంటే చదరపు మీటరుకి 400 గ్రాములు. మంట నిమిషానికి 2 మీటర్లు నడుస్తోందనుకోండి, చూడటానికి నిదానమే. మీటరుకి 240 కిలోవాట్లు వస్తుంది. అయిదు హెచ్‌పీ బోరు మోటర్లు అరవై నాలుగు ఒక్క మీటరులో తిరుగుతున్నట్టు. మంట ఎత్తు నడుము దాకా, మీటరుకి కాస్త తక్కువ. పచ్చి కొమ్మతో, రేకుతో దగ్గరికెళ్లి కొట్టొచ్చు.

అదే వేగంతో ఆకు 8 టన్నులు ఉంటే 480 కిలోవాట్లు. సుమారు 350 దాటితే, మంట నాలుగు అడుగుల ఎత్తు దాటితే చేతి పనిముట్లతో మంట తల ముందు నిలబడకూడదని అమెరికా వాళ్ల నియమం. అక్కడ పక్కల నుంచి, వెనక నుంచి అణచుకుంటూ రావాలి, లేదంటే ముందున్న లైను దగ్గర కాచుకోవాలి. ఇప్పుడు చూడండి, 4 కి 8 కి తేడా ఏమిటో. ఒకటి కొట్టగలిగే మంట, ఇంకోటి తప్పుకోవాల్సిన మంట.

ఇది సమనేల లెక్క. వాలు పైకి పోయే మంటకి ప్రతి 10 డిగ్రీల వాలుకీ వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. 20 డిగ్రీల వాలు మీద నాలుగింతలు. కాబట్టి ఆకు తక్కువే కదా అని మంటకి పై వైపున ఎప్పుడూ నిలబడొద్దు. మీ బీట్ మ్యాపు, అంటే మీరు కాపలా కాసే అడవి పటం మీద ఆకు ఎక్కువున్న ముక్కలకి, నిటారు వాలులకి ఎర్ర పెన్నుతో గీత గీసి జేబులో పెట్టుకోండి. పెంచలకోన బ్రహ్మోత్సవాలు మండుటెండల్లోనే వస్తాయి, జనం పొయ్యిలు పెట్టే చోటు నుంచి ఆ ఎర్ర గీత దాకా ఎంత దూరం ఉందో ముందే నడిచి చూసుకోండి, మొదట ఊడ్చాల్సింది ఆ మధ్యనే.

ప్రశ్న: ఒంగోలు నుంచి, స్కూల్ టీచర్‌ని. ఇప్పుడు శాటిలైట్లు అన్నీ చూపిస్తున్నాయి కదా, మనుషులు ఎండలో తిరిగి ఆకులు తూచడం ఎందుకు?

జవాబు: శాటిలైట్ కాలుతున్నది చూపిస్తుంది మేడమ్, కాలబోయేది ఎంతుందో చూపించలేదు. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 2004 నుంచి శాటిలైట్ సాయంతో అడవి మంటల హెచ్చరికలు ఇస్తోంది. మొదట్లో వాడిన మోడిస్ అనే సెన్సర్‌కి ఒక చుక్క అంటే కిలోమీటరు చదరం, తర్వాత వచ్చిన విర్స్‌కి 375 మీటర్లు. నమోదు చేసుకుంటే ఫోనుకి మెసేజ్ వస్తుంది, ఇది చాలా మేలు చేసిన పని, ఊళ్లలో కుర్రాళ్లు కూడా నమోదు చేసుకోవాలి. కానీ చెట్టు కొమ్మల కింద, నాలుగు సెంటీమీటర్ల మందాన పరుచుకున్న ఆకు బరువు పైనుంచి తేలదు.

రెండూ కలిపితేనే బలం. సెంటినెల్-2 అనే శాటిలైట్ల బొమ్మలు ఉచితంగా దొరుకుతాయి, 10 మీటర్ల వివరంతో, అయిదు రోజులకోసారి. నిరుడు ఎక్కడ కాలిందో ఆ నల్ల మచ్చలు అందులో స్పష్టంగా కనబడతాయి. దాన్ని బట్టి కొండని ముక్కలు చేసుకుంటే నేల మీద పెట్టాల్సిన చట్రాలు తగ్గుతాయి. మీ పదో తరగతి పిల్లలకి చూపించండి.

ప్రశ్న: నాకు విడవలూరు దగ్గర సరుగుడు తోట ఉంది, మా బావగారికి కనిగిరి వైపు జామాయిల్. అడవి కాకపోయినా మాకూ ఈ లెక్క పనికొస్తుందా?

జవాబు: పనికొస్తుంది, ఇంకా తేలిగ్గా. తోటలో చెట్లన్నీ ఒకే వయసువి, ఒకే వరసవి కాబట్టి ఆకు తేడా తక్కువ, పది పన్నెండు చట్రాలు చాలు. సరుగుడు పుడకలు మెత్తటి పరుపులా ఒత్తుగా పేరుకుంటాయి, అక్కడ స్కేలుతో మందం కొలిస్తే సరిపోతుంది. ముందు నాలుగు చట్రాల్లో మందమూ బరువూ రెండూ తీసి, సెంటీమీటరుకి ఎన్ని గ్రాములో తేల్చుకోండి, తర్వాత స్కేలు ఒక్కటే పట్టుకుని తోటంతా తిరగండి. స్కేలు దించేటప్పుడు చేత్తో అణచొద్దు.

జామాయిల్‌కి ఇది చాలదు. ఆకులో నూనె ఉంటుంది, బెరడు చీలికలుగా వేలాడుతుంది, నేల మీద మంట ఆ బెరడు పట్టుకుని పైకి పాకుతుంది, మండే ముక్కలు గాలికి ఎగిరి అవతల పడతాయి. వేలాడే బెరడు లాగేసి, గట్టు వెంబడి దున్నిన సాలు పెట్టమనండి. రోడ్డు పక్క వరసలు ముందు.

ప్రశ్న: దోర్నాల దగ్గర మాది. ఇంత లెక్క ఎందుకు, ఆకంతా ఊడ్చి ఒకచోట కాల్చేస్తే పీడ పోతుంది కదా?

జవాబు: వద్దు. ఆ ఆకే చివికి నేలకి ఎరువవుతుంది, వానకి మట్టి కొట్టుకుపోకుండా కప్పుకుని ఉంటుంది, దాని కింద తేమకే తునికి, నల్లమద్ది గింజలు మొలుస్తాయి. ఊడ్చాల్సింది ఫైర్ లైన్ల మీద, గూడేల చుట్టూ, బాటల వెంబడి మాత్రమే. మిగతాది అక్కడే ఉండనివ్వాలి, ఎక్కడ ఎంతుందో తెలుసుకుని కాపలా అక్కడ పెట్టాలి. ఇప్పపూవు ఏరుకునే రోజుల్లో చెట్టు కింద శుభ్రం కోసం నిప్పు పెట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది, దానికి బదులు చెట్టు కింద పాత చీరో, దోమతెరో పరిస్తే పూవుకి మట్టి కూడా అంటదు. అన్నట్టు, మీ వైపు వెదురు పొద కట్టకట్టి పూసి ఎండిపోతే ఆ ఏడాది ఆ ముక్కని తప్పకుండా మళ్లీ కొలవండి, రెండేళ్ల కిందటి లెక్క అక్కడ చెల్లదు, నిలువునా ఎండిన బొంగుల మేత ఎన్నో రెట్లు ఉంటుంది.

ప్రశ్న: నేను ఉదయగిరిలో ఎనిమిదో తరగతి చదువుతున్నాను. మా స్కూల్ వెనక టేకు చెట్లు ఉన్నాయి. మేం కూడా చేయొచ్చా అంకుల్?

జవాబు: తప్పకుండా చేయొచ్చు తల్లీ. మీకు ఇంకా మంచి పని చెబుతాను. పాత దోమతెర గుడ్డని ఒక మీటరు చదరం కత్తిరించి, నాలుగు కర్రలకి కట్టి, మధ్యలో చిన్న రాయి వేసి బుట్టలా వేలాడదీయండి, నేలకి ఒక అడుగు పైన. చెట్ల కింద అలాంటివి నాలుగు. ప్రతి శనివారం అందులో పడిన ఆకు తీసి ఎండబెట్టి తూచి నోటు పుస్తకంలో రాయండి. ఏ వారం ఎక్కువ రాలుతుందో మీ స్కూల్‌కే తెలుస్తుంది, ఆ వారం ఫారెస్టు వాళ్లకి చెబితే లైన్లు ఎప్పుడు రెండోసారి ఊడ్చాలో వాళ్లకి అందుతుంది. పాములు చూసుకోండి, ఆకు కుప్పలో చెయ్యి పెట్టేముందు కర్రతో కదపండి. ఎండాకాలం సెలవుల్లో తూకం ఆగిపోకుండా స్కూల్ దగ్గర ఇల్లున్న వాళ్లని ఇద్దర్ని ముందే అనుకోండి. ఉగాది దాకా వచ్చిన తూకాలు నాకు రాసి పంపండి, వచ్చే నెలల్లో ఇక్కడే వేస్తాను.